ఆ ఒక్క ఇంటి గుప్పెడు బియ్యం

తమిళం నడిచే ఈ ఊళ్ళో, మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి. తెలుగు చదవగలిగినవాళ్ళు మాత్రం దాదాపు లేరు. మా అవ్వకు ఏ అక్షరమూ రాదు. ఎదురు వరుసలోని అత్త తమిళ పత్రిక గడగడా చదువుతుంది గానీ, తెలుగు లిపి చూస్తే ముగ్గులా ఉందని నవ్వుతుంది. నేను పట్టుబట్టి కాలేజీలో నేర్చుకున్నాను. అంటే, ఇక్కడ నేను ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళు దీన్ని ఎన్నటికీ చదవరు. అన్యాయం జరిగినవాళ్ళకు తెలియని లిపిలో తప్పు ఒప్పుకోవడం ఏ రకమైన నిజాయితీ అని ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. అయినా రాస్తున్నాను.

అత్త మాకు రక్తసంబంధీకురాలు కాదు. రెడ్డియార్‌పాళయంలో మా వీధివాళ్ళం తరతరాలుగా వరుసలు కలుపుకుని పిలుచుకుంటాం, అంతే. ఆమె సేదరపేట్‌లో ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళుతుంది. పొద్దున్నే మెయిన్ రోడ్డు మీదకు కంపెనీ వ్యాను వస్తుంది. అది ఎవరికోసమూ ఆగదు. మామ నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా పనిచేసేవాడు. నిరుడు ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు కొంత తేరుకుంది. కుడి చెయ్యి తేరుకోలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

అత్త రోజూ తెల్లవారగానే తలస్నానం చేసి, తడిబట్టలతో వీధి చివరి అమ్మవారి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసేది. అవి ముగించి, వంట చేసి, మామకు తినిపించి, వ్యానుకు పరుగెత్తేది. మామ చెయ్యి మళ్ళీ తెరుచుకునేవరకూ ఆపనని మొక్కుకుందట.

ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరి మునగాకు దూస్తున్నారు. మా అవ్వ కూడా ఉంది. నేను కాలేజీ నుంచి వస్తూ అక్కడ ఆగాను. ఆ రోజుల్లో నేను డిబేటు జట్టులో ఉన్నాను. ఎదుటివారి మాటలో సందు వెతకడం నాకు ఊపిరి తీసుకున్నంత సహజంగా మారిపోయిన కాలమది. ప్రదక్షిణల ప్రస్తావన వచ్చింది.

"అత్తా, నువ్వు గుడి చుట్టూ తిరిగితే గట్టిపడేది నీ కాళ్ళు. మామ చెయ్యి కాదు" అన్నాను.

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు ఊపునిచ్చింది.

"నిజంగానే చెప్తా ఉండా. డాక్టరు ఏం చెప్పినాడు? మొదటి నెలలే ముఖ్యం, రోజూ వేళ్ళు సాగదీయాల అన్లేదా? ఆ తిరిగే సేపు మామ పక్కన కూర్చోని ఒక్కొక్క వేలూ తీసినావంటే, అదే పూజ. చేతల్లేని భక్తి దేనికి పనికొస్తాది అత్తా?"

నేను చెప్పినదాంట్లో అసత్యం లేదు. ఇప్పటికీ ఆ వాదంలో నాకు తప్పు కనబడదు. నన్ను ఇంతకాలంగా కలవరపెడుతున్నది కూడా అదే.

అత్త ఆకు దూయడం ఆపి నావైపు చూసింది. ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"సరే పాపా. చదివినదానివి, చెప్తే వినాల. కానీ నేనొక్కదాన్నే అయితే ఆయన ఓర్చుకోడు. నొప్పని అరుస్తాడు, చెయ్యి లాక్కుంటాడు. ఇంకోరు మోచెయ్యి పట్టుకోవాల. నువ్వొస్తావా?"

"వొస్తా అత్తా. రేపు పొద్దున్నే వొస్తా."

"చూడు, నేను గుడికి పోకుండా కాచుకోనుంటా."

"వొస్తానంటే వొస్తా."

మర్నాడు నేను వెళ్ళలేదు. పెద్ద కారణమేమీ లేదు. వారం చివర్లో వైట్ టౌన్‌లోని ఒక హాలులో పోటీ ఉంది; మా జట్టు పొద్దున్నే బీచిలో రాళ్ళ దగ్గర చేరి సాధన చేయాలని ముందు రాత్రి నిర్ణయించింది. ఒక్కరోజే కదా అనుకున్నాను. రెండో రోజు, మొదటి రోజు వెళ్ళలేదన్న సిగ్గు అడ్డం వచ్చింది. ఆ తరువాత వెళ్ళాలంటే ముందుగా ఒక సంజాయిషీ కావాలి. ఎంత వెతికినా నాకు నచ్చే సంజాయిషీ దొరకలేదు. ఆలస్యం తనకు తానే కారణమవుతుందని నాకు అప్పటివరకూ తెలియదు.

ఆ పోటీలో అంశం, ఆచరణ లేని విశ్వాసం వ్యర్థమని. నేను దాన్ని సమర్థించే పక్షం. ముగింపులో ఒక ఇల్లాలి గురించి చెప్పాను. "ఆమె గుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఆమె భర్త చెయ్యి రోజురోజుకూ మూసుకుపోతూనే ఉంది." హాలు చప్పట్లతో నిండింది. మేమే గెలిచాం. నేను సభకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ వేళకు ఆమె తిరగడం మానేసింది. "మీ అత్త గుడికాడ కనపడ్డంలేదే" అని అవ్వ అప్పటికే అనుమానంగా అంది. నా మాట పనిచేసిందని నేను లోలోపల కొంత గర్వపడ్డాను కూడా. ఆమెకున్న ఒకదాన్ని తీసేశాను. దాని స్థానంలో పెడతానన్నది పెట్టలేదు.

అప్పటినుంచి రేషన్ షాపు వెనక సందులోంచి సైకిల్ తిప్పుకుని ఇంటికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఆ దారి దూరం, గుంతలు కూడా. ఎవరైనా అడిగితే మెయిన్ వీధిలో ట్రాఫిక్ ఎక్కువని చెప్పేదాన్ని.

వానాకాలంలో నాకు డెంగీ జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉన్న రోజుల్లో అవ్వ అమ్మవారికి మొక్కుకుంది. పిల్ల బతికి బట్టకడితే ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, దాని చేత మడిప్పిచ్చ ఎత్తిస్తానని, ఆ బియ్యంతో అంబలి కాచి అందరికీ పోయిస్తానని. మా ప్రాంతంలో ఇది తెలిసిన మొక్కే. పసుపు బట్ట కట్టుకుని, ఒడి చాచి, వీధిలోని ప్రతి ఇంటి వాకిట్లో నిలబడి అడగాలి. ఉన్నవాళ్ళయినా అడుక్కోవాల్సిందే. ఒక్క ఇల్లు కూడా దాటిపోకూడదు. పలకరింపులు లేని ఇల్లు ఉంటే, ఆ ఇంటి ముందూ నిలబడాల్సిందే. ఒక్కో ఇల్లు ఒక్కో గుప్పెడు వేస్తుంది.

ఆడి నెల రాగానే అవ్వ పసుపులో ముంచి ఆరేసిన చీర తెచ్చి నా మంచం మీద పెట్టింది. నేను సిద్ధంగానే ఉన్నాను, నా వాదంతో.

"అవ్వా, తినడానికి ఉన్నవాళ్ళం అడుక్కోడమేంది? నాటకం గదా అది. నిజంగా లేకుండా అడుక్కునేవాళ్ళకి అవమానం."

"అవునా?"

"నన్ను బతికించింది ఆసుపత్రి. దానికి బదులుగా రక్తం ఇస్తా. అది పనికొచ్చే పని."

"ఇయ్యి. ఎవురు వద్దన్నారు? ఇది గూడా చెయ్యి."

"నాకు నమ్మకం లేంది నేను చెయ్యలేనవ్వా. అది అబద్ధం ఆడినట్టు."

అవ్వ చీరను మళ్ళీ మడతపెట్టింది. "వాదంలో నిన్ను గెలవలేన్లే. నోరు నీది. కాళ్ళు నాయి ఉండాయి గదా."

ఆ కాళ్ళ గురించి చెప్పాలి. మోకాళ్ళు అరిగిపోయి, ఆమె మెట్టు దిగాలంటే గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతుంది. శుక్రవారం పొద్దున, అమ్మా నాన్నా ఆఫీసులకు వెళ్ళాక, అవ్వ ఆ పసుపు చీర తానే కట్టుకుని బయలుదేరింది. ఆగమని చెప్పాను. అయితే నువ్వొస్తావా అంది. ఆమె దిగిపోయింది.

నేను గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది. "అమ్మవారికి మడిప్పిచ్చ పెట్టండి తల్లీ" అన్న అవ్వ గొంతు మొదట పక్కింటి దగ్గర, తరువాత దాని అవతలింటి దగ్గర, అలా మెల్లగా జరుగుతూ వినిపించింది. రెండు ఇళ్ళ మధ్య ఉండే నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలుసు; అది ఆమె మోకాళ్ళకు పట్టే సమయం. ఎవరో ఆడమనిషి నవ్వుతూ అంటోంది, "ఏంది పెద్దమ్మా, మొక్కు మనవరాలికి, నడక నీకా?" అవ్వ కూడా నవ్వింది. "దానికి పరీక్షలు ఉండాయిలేమ్మా" అంది.

నాకు ఏ పరీక్షలూ లేవు. ఆ అబద్ధం ఆమె నాకోసం ఆడింది. నమ్మనిది చేస్తే అబద్ధమవుతుందని వాదించినదాన్ని నేను.

గొంతు ఎదురు వరుసకు మారింది. అత్త ఇల్లు వచ్చే సమయానికి నేను నాకు తెలియకుండానే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. పిలుపు రాలేదు. పసుపు చీర ఆ ఇంటి ముందు ఆగకుండా కదిలిపోయి, తరువాతి ఇంటి ముందు ఆగింది.

తిరిగి వచ్చాక అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. నీళ్ళు ఇచ్చాను. ఒడిలోని బియ్యాన్ని మూటకట్టి వంటింటి కొక్కేనికి తగిలించింది.

"రేపు మధ్యాన్నానికి పిండి కలిపి పులియబెట్టాల. ఆదివారం పొద్దన్నే కాచాల. ఒక్క ఇల్లు మిగిలిపోయింది. ఆ గుప్పెడు రాకపోతే పొయ్యి వెలిగించను."

"నువ్వే గదా దాటిపోయినావు?"

"ఆ ఇంట్లో నేను అడిగేది ఏముండాది? వొస్తానని చెప్పి పోకుండా ఉండింది నేను కాదే."

ఆమెకు అంతా తెలుసు. వీధికి కూడా తెలిసే ఉంటుంది. ఇన్ని నెలలుగా ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఎవరినుంచి దాక్కుంటూ ఆ సందులో సైకిల్ తొక్కానో నాకు అర్థం కాలేదు.

శనివారం నేను వెళ్ళాను. వెళ్ళిన వేళ కూడా చెప్పాలి కదా: అత్త వ్యాను ఎక్కి వెళ్ళిపోయిందని నిర్ధారించుకున్నాక వెళ్ళాను. పసుపు చీర నాకు సరిగా కట్టడం రాలేదు, కుచ్చిళ్ళు కాలికి తగులుతున్నాయి. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. నేను ఒడి చాచి నిలబడ్డాను. ఏ వేదిక మీదా తడబడని గొంతు పెగల్లేదు.

మామ తల ఎత్తి నన్ను చూశాడు. ఆయన మాట ఇప్పటికీ కొంచెం ముద్దగానే వస్తుంది.

"ఏందిమే? నాకు పోవాల్సిన నోరు నీకు పోయిందే?"

"అమ్మవారికి... మడిప్పిచ్చ, మామా."

"అట్ల చెప్పు. పెద్దమ్మ నిన్న దాటిపోతావుంటే, మా ఇల్లు ఏం పాపం చేసిందబ్బా అనుకున్నా. లోపలికి రా."

గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. బియ్యం డబ్బా మూత నేను తీశాను. ఆయన ఎడమ చేతిని లోపల పెట్టి, వెనక్కి తీసుకున్నాడు.

"ఎడమచేత్తో పిచ్చ పెట్టగూడదు."

"పర్వాలేదు మామా. ఏ చెయ్యయితే ఏంది?"

"నీకు పర్వాలేదులే. పెట్టేది నేను గదా."

ఎడమచేతికీ కుడిచేతికీ మధ్య తేడా లేదని నిరూపించే వాదాలు వరుసగా నా నాలుక మీదకు వచ్చాయి. అన్నీ సరైనవే. వాటన్నిటినీ మింగేశాను. ఆయన మూసుకుపోయిన కుడి గుప్పిటను ఎడమచేత్తో ఎత్తి, నా ముందుకు చాచాడు.

"తీ" అన్నాడు.

నేను ఆ చేతిని అంతవరకూ ముట్టుకోలేదు. దాని గురించి నిండు హాలులో మాట్లాడాను, కానీ ముట్టుకోలేదు. అరచేతిలో ఒక చేతిరుమాలు చుట్టి పెట్టి ఉంది, గోళ్ళు గుచ్చుకోకుండా. చూపుడు వేలును పట్టి లాగాను. మామ పళ్ళు బిగించాడు.

"అది కాదు. చిటికెన వేలు ముందు తీయాల. మీ అత్త అట్లనే తీస్తాది."

"అత్త తీస్తాదా?"

"మరి? అన్నం ఉడికేలోపల. ఒక్కతే గదా, మోచెయ్యి దాని మోకాళ్ళ మధ్యన ఇరికించుకుంటాది. నాకు అరుపు, దానికి తిట్లు." ఆయన నవ్వాడు. తరువాత, వాన గురించి చెబుతున్నట్టు చెప్పాడు. "మొదట్లో నువ్వు వొస్తావని వాకిలి తీసిపెట్టి కూర్చునేది. ఒకనాడు వ్యాను గూడా పోగొట్టుకునింది."

చిటికెన వేలు, దాని పక్కది, నడిమి వేలు. ఒక్కొక్కటీ వెచ్చగా, బిగుసుకుని, విడిచిపెట్టగానే తిరిగి లోపలికి పోతోంది. లోపలి అరచేయి వెలుగు తగలక పాలిపోయి, పసిపిల్లల చర్మంలా మెత్తగా ఉంది. మొదటి నెలలే ముఖ్యమని ఆ అరుగు మీద చెప్పింది నేనే. ఆ నెలలు ఎటు పోయాయో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఒక చేత్తో ఆయన వేళ్ళు తెరిచి పట్టుకుని, మరో చేత్తో బియ్యం తీసి ఆ అరచేతిలో పోశాను. వదలగానే వేళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. చేతిని నా ఒడి మీదకు తెచ్చి, మళ్ళీ చిటికెన వేలు నుంచి మొదలుపెట్టాను. సగం బియ్యం నేల మీద పడింది. ఒడిలో పడినవి కాసిని గింజలు. మామకు చెమటలు పట్టాయి.

"చాలా మామా?"

"నన్నడుగుతావేంది? గుప్పిట తెరుచుకునింది గదా. పో, పెద్దమ్మ పిండి కలపాల."

నేల మీది గింజలు ఏరి డబ్బాలో వేసి, చేతిరుమాలు మళ్ళీ ఆయన అరచేతిలో చుట్టిపెట్టి వచ్చాను. అవ్వ మూట విప్పి, నా ఒడిలోని గింజలు అందులో కలిపింది. ఎన్ని వచ్చాయని చూడలేదు. ఏం జరిగిందనీ అడగలేదు.

ఆదివారం గుడి ముందు అంబలి పోసే గరిటె నాకే ఇచ్చింది. పెద్ద కుండలో పలచగా, చల్లగా అంబలి. పక్కన ఉల్లిపాయలు, మునగాకు వేపుడు, ఎండుచేపల కూర. వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చింది. అత్త కూడా వచ్చింది, మూత ఉన్న గిన్నెతో. ఇన్ని నెలల తరువాత మేమిద్దరం ముఖాముఖి నిలబడటం అదే. అడ్డుగా ఆ కుండ ఒక్కటే.

"మొక్కు తీరిపోయిందా?" అంది.

"ఆ, అత్తా."

"ఇంక నిమ్మళంగా ఉండొచ్చు."

అది ఎత్తిపొడుపో, మామూలు మాటో నాకు తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు. ఇన్నాళ్ళూ దొరకని మాటలు ఒక్కసారిగా తోసుకొచ్చాయి. "అత్తా, నేను రేపు..."

"రేపు అనొద్దు పాపా." ఆమె గొంతు పెంచలేదు. "ఆ మాట మా ఇంట్లో చెల్లదు. గిన్నెలో పొయ్యి, ఆయనకి అంబలంటే ప్రాణం. నిండా పొయ్యి."

నేను నిండుగా పోశాను. గిన్నె అంచు దాటి నా వేళ్ళ మీద ఒలికింది. ఆమె మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం తెల్లవారగానే వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. అత్త తలుపు తీసి, నన్ను చూసి, పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక పీట తెచ్చి మామ మంచం పక్కన పెట్టింది. నేను కూర్చుని ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె వేళ్ళు తీసింది. కొన్నాళ్ళకు రెండు పనులూ నేనొక్కదాన్నే చేయడం నేర్చుకున్నాను. మామ అరుస్తాడు. నన్ను తిడతాడు కూడా. "డిబేటు చేసినంత సులభం గాదుమే ఇది" అంటాడు. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే ఆమె ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఇక్కడినుంచి ఇంకా బిగుసుకోకుండా ఉంటే అదే మేలు అంది. తొలినాళ్ళ గురించి నేను ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే నిజం చెప్పేదేమో.

నాకు నమ్మకం కలగలేదు. కలిగిందని రాస్తే ఈ రచన అందంగా ముగిసేది. వాదంగా చూస్తే ఆ రోజు అరుగు మీద నేను అన్నదే ఇప్పటికీ అంటాను. కాకపోతే, దాన్ని అనే హక్కు ఆ తెరిచిన వాకిలి ముందు పోగొట్టుకున్నానని కూడా అనుకుంటున్నాను.

ఒక్క మార్పు జరిగింది. మామ దగ్గర నేను ఉండటం వల్ల అత్తకు వ్యాను వచ్చేలోపు కొంచెం సమయం మిగులుతోంది. ఆ సమయంలో ఏం చేస్తుందో మొదట నేను గమనించలేదు. ఒక ఉదయం మామ చిటికెన వేలు పట్టుకుని ఉండగా కిటికీలోంచి కనిపించింది. తడి జుట్టుతో, కాళ్ళకు చెప్పులు లేకుండా, ఆమె వీధి చివరికి నడిచి వెళుతోంది. అమ్మవారి గుడి గోడ మలుపు తిరిగి మాయమై, అవతలినుంచి మళ్ళీ కనిపించింది. తిరిగి మలుపు తిరిగింది.

నేను రెండో వేలు తీశాను.